ఊక కుప్పలో దొరికిన నానుతాడు

ప్రభుత్వం వారికి మా ఇంటి మీద ఎందుకంత మమకారమో గానీ, ఏ లెక్క మొదలుపెట్టినా ముందు మా గుమ్మమే ఎక్కుతారు. గ్యాస్ ఉందా, మరుగుదొడ్డి ఉందా, గేదెలెన్ని, కొబ్బరి చెట్లెన్ని, ఇంట్లో చదువుకున్నవాళ్ళెవరు... చెప్పీ చెప్పీ ఈ జవాబులన్నీ నాకు నోటికి వచ్చేశాయి. కానీ "మీ ఇంట్లో ఈ మధ్య నేరమేదైనా జరిగిందాండీ?" అని అడగడానికి వచ్చిన మనిషిని మాత్రం ఆ మాఘమాసంలోనే మొదటిసారి చూశాను.

ఎండ ఇంకా ముదరలేదు. మా ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. నేను లోపల చింతపండు పిక్కలు తీస్తున్నాను. గేటు దగ్గర స్కూటీ ఆగింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, చున్నీతో చెమట తుడుచుకుంటూ ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. మాట తీరు చూస్తే గోదావరి పిల్ల కాదు. అడిగితే అనంతపురం వైపని చెప్పింది.

"దేశమంతా ఇళ్ళల్లో జరిగే నేరాల మీద సర్వే చేస్తున్నాం సార్. మీ ఇల్లు ఎంపికైంది," అంది మా ఆయనతో.

"నేరాలా? మా ఇంట్లోనా? ఇంటి నంబరు సరిగ్గా చూసుకున్నారామ్మా?"

కంప్యూటరే చీటీ తీసినట్టు ఇళ్ళని తీస్తుందనీ, తీసిన ఇంట్లో నేరం జరిగినట్టు కాదనీ ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. మా ఆయన కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, "సరే, అడగండి. ఈ ఇంటికి యజమానిని నేనే," అన్నారు. అమ్మాయి ఇంట్లో పెద్దవాళ్ళెవరెవరో రాసుకుంది. ఆయన, నేను, అంబాజీపేటలో ఎండుకొబ్బరి వ్యాపారం చేసే మా అబ్బాయి, కోడలు. రాసుకుని ట్యాబ్ మీద ఎక్కడో నొక్కింది. నా పేరు వచ్చింది.

"దానికేం తెలుసమ్మా?" అన్నారు మా ఆయన.

"ట్యాబ్ తీసింది సార్. మేం మార్చడానికి ఉండదు. ఇంకోటి సార్, మేడం ఒక్కరే ఉన్నప్పుడు అడగాలి. మీరు కాసేపు..."

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన్ని ఆ అరుగు మీంచి లేపగలిగిన మనిషిని నేను చూడలేదు. అత్తగారి వల్ల కాలేదు, నా వల్ల కాలేదు. ఆ పిల్ల రెండు ముక్కల్లో లేపేసింది. ఆయన పేపరు మడిచి, మొహం ముడుచుకుని, కొబ్బరితోటలోకి నడిచారు. నాకు నవ్వాగలేదు.

కాఫీ ఇస్తే వద్దంది. జంతికలు పెడితే, ఏమీ తీసుకోకూడదట, రూల్సట. "మా చెట్టున కాసిన కాయకి కూడా రూల్సేవిటమ్మా?" అని బొండం కొట్టించి చేతిలో పెట్టాను. మా వాళ్ళ మర్యాద ముందు ఎవరి రూల్సూ నిలబడవు. తాగింది.

తర్వాత మొదలుపెట్టింది. ముందు ఒక పెద్ద పేరా చదివింది. నేను చెప్పినవి ఎవరికీ చెప్పరట, పోలీసులకి వెళ్ళవట, పేర్లు ఎక్కడా రావట. నేను "ఆయ్" అన్నాను. బండి పోయిందా? లేదు. సైకిలు? లేదు. ఫోన్లో ఎవరైనా మోసం చెయ్యబోయారా?

"రోజూ చేస్తారమ్మా. బ్యాంకు నుంచంటారు, కొరియరంటారు. మా ఆయన ఎత్తి కొబ్బరి తెగుళ్ళ గురించి చెప్పడం మొదలుపెడతారు. వాళ్ళే పెట్టేస్తారు."

పిల్ల నవ్వాపుకుని "ప్రయత్నం జరిగింది, నష్టం లేదు" అని నొక్కింది. పంటగానీ కాయలుగానీ ఎవరైనా ఎత్తుకెళ్ళారా అని అడిగింది. రాలిన కాయ దారిన పోయేవాళ్ళెవరో పట్టుకెళ్తారు, అది దొంగతనం కిందికి వస్తుందా అని నేనే ఎదురడిగాను. మీరేమనుకుంటే అదేనండీ అంది. అయితే కాదన్నాను. ఇలా సరదాగానే నడుస్తోంది.

"గత ఏడాదిలో మీ ఇంట్లోంచి విలువైన వస్తువేదైనా పోయిందా మేడం? మీదైనా సరే, ఇంటికొచ్చినవాళ్ళదైనా సరే."

నేను నోరు తెరిచి మూసేశాను. జరిగింది. కానీ ఆ మాట ఎత్తకూడదు. మా కుటుంబాలన్నిటికీ అలాగని ఆన ఉంది.

అసలు సంగతి ఇది. కార్తీకమాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. దగ్గరవాళ్ళందర్నీ పిలిచాం. మా ఆయన అక్కగారు, అంటే నా పెద్దాడపడుచు, పీటల దగ్గర కూర్చోబోతూ, మెళ్ళో బంగారు నానుతాడు కొక్కెం ఊడిపోతోందని తీసి, మధ్యగదిలో గూట్లో స్టీలు గిన్నెలో పెట్టారు. హారతయ్యాక చూస్తే గిన్నె ఉంది, నానుతాడు లేదు. ఇల్లంతా గాలించాం. మంచాల కింద, బియ్యం డబ్బాల్లో, ఆఖరికి పూజలో వాడిన పూల బుట్టల్లో కూడా వెతికాం. ఉంటేగా!

వదినగారు ఒంటికాలి మీద లేచారు. పోలీసు కంప్లైంటు ఇస్తానన్నారు. అప్పుడు పెదమావయ్యగారు, అంటే మా మావగారి అన్నగారు, చెయ్యెత్తి ఆపారు. మా కుటుంబాల్లో ఆయన మాటే చివరి మాట.

"స్టేషను గుమ్మం ఎక్కితే వ్రతానికొచ్చిన చుట్టాలందర్నీ వరసగా నిలబెడతారమ్మా. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఒకరింటికొకరు వెళ్తాం? మన పద్ధతి మనకుంది గదా. ఊక పొయ్యండి."

మా వైపు ఇది పాతకాలం నుంచి ఉంది. ఇంట్లో వస్తువు పోతే, ఆ రోజు పిలుపు మీద వచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ తలా ఒక తట్టెడు ఊక తేవాలి. పొద్దు గూకాక, దీపం లేని కొట్లోకి ఒక్కొక్కరే వెళ్ళి కుప్ప పోసి రావాలి. తీసినవాళ్ళు ఎవరైతే వాళ్ళు ఆ వస్తువుని ఊకలో కలిపి పోసేస్తారు. తెల్లారి జల్లించుకుంటే దొరుకుతుంది. ఎవరి తట్టలోంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. వస్తువు మిగులుతుంది, పరువూ మిగులుతుంది. నేను కాపురానికొచ్చాక వినడమే గానీ చూడలేదు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారని నవ్వాను కూడా. తీరా చూస్తే, కార్లలో తిరిగేవాళ్ళు, వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు పెట్టేవాళ్ళు, అందరూ మిల్లు నుంచి ఊక తెప్పించుకుని, తట్టల మీద కండువాలు కప్పుకుని బుద్ధిగా వచ్చారు.

మా పాత గేదెల పాకలో ఇప్పుడు కొబ్బరికాయలు పోస్తున్నాం. ఆ పాకకి ఒకటే తలుపు. పెదమావయ్యగారు ఆ తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక్కొక్క ఇంటివాళ్ళనీ వరస పెట్టి పిలిచారు. పిలిచినవాళ్ళు వెళ్ళారు, పోశారు, వచ్చారు. ఆఖరి తట్ట పడ్డాక తలుపుకి తాళం వేసి చెవి ఆయనే మొలలో దోపుకున్నారు. మర్నాడు పొద్దున్న నేనూ మా కోడలూ జల్లెడ పట్టాం. నానుతాడు జలజలమంటూ జల్లెడలో పడింది. వదినగారు కళ్ళకద్దుకుని మెళ్ళో వేసుకున్నారు.

"దొరికింది. ఇంక ఈ మాట ఎవ్వరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళే తీసేరనుకోవాల్సొస్తుంది," అన్నారు పెదమావయ్యగారు. అందరం "ఆయ్" అన్నాం.

నిజంగానే ఎవ్వరూ ఎత్తలేదు. మాట ఎత్తలేదు గానీ, మనసులో ఉన్నది చూపుల్లో పడకుండా ఎవరాపగలరు? వ్రతం నాడు మా ఇంట్లో చుట్టం కాని మనిషి ఒక్కతే ఉంది. వంటావిడ.

ఆవిడది మా వీధి చివర, కాలవ గట్టు పక్కన చిన్న పెంకుటిల్లు. భర్త పోయాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. చుట్టుపక్కల ఏ శుభకార్యమైనా వంట ఆవిడదే. ఆవిడ చేసిన పనసపొట్టు కూర తిన్న నోటికి ఇంకెవరిదీ రుచించదు. మనిషి నిదానం, నన్ను అక్కగారూ అంటుంది. ఆ కార్తీకం తర్వాత ఆవిడకి పిలుపులు తగ్గడం మొదలైంది. ఏ కారణమూ ఎవరూ చెప్పలేదు. "ఈసారి కేటరింగు వాళ్ళకిచ్చేం," అన్నారొకరు. "మా పిల్లలు ఫ్రైడ్ రైసులూ అవీ కావాలన్నారు," అన్నారింకొకరు. మా కోడలి సీమంతానికి నేను పట్టుబట్టి ఆవిణ్ణే పిలిచాను. వచ్చిన ఆడవాళ్ళు వంటింటి వైపు వెళ్ళినప్పుడల్లా పైట మెడ చుట్టూ లాక్కోవడం నేను చూశాను. ఒకావిడైతే వినపడేటట్టే, "బీరువా తాళం వేసేరా?" అని నన్నడిగింది. వేస్తే ఏం, వెయ్యకపోతే ఏం అని కసిరాను గానీ, అంతకు మించి ఏమనగలను? అసలు విషయం ఎత్తడానికి లేదాయె. వంటావిడ విననట్టే ఉంది. పని ముగించుకుని వెళ్తూ, "ఇంక రానండక్కగారూ," అంది.

అంతే. ఆవిణ్ణి దొంగని ఎవరైనా అంటే కదా, కాదని ఆవిడ జవాబు చెప్పేది! అనకుండానే మానేశారు. కొద్దిరోజులకి, ఆవిడ రాజోలులో ఏజెంటుని కలిసిందనీ, కువైట్లో ఇంటి వంటకి వెళ్ళడానికి పాస్‌పోర్టు పెట్టిందనీ, కూతుర్ని అమలాపురంలో హాస్టల్లో పడేస్తుందనీ తెలిసింది. వెళ్ళి ఆపాలనిపించింది. కానీ ఏం చెప్పి ఆపను?

ఇదీ నా నోటి దాకా వచ్చి ఆగిన సంగతి. సర్వే పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"నువ్వు ఎవరికీ చెప్పవు గదా?" అన్నాను.

"చెప్పను మేడం."

"మేడం ఏవిటమ్మా, నేనేమైనా బళ్ళో పాఠాలు చెబుతున్నానా? అత్తయ్యగారను." అని, ఆలోచించుకున్నాను. ఈ పిల్ల మా చుట్టం కాదు. ఈ ట్యాబ్ అంతకంటే కాదు. ఆన మా వాళ్ళ మధ్యది. "పోయింది," అన్నాను.

"తిరిగి దొరికిందా?"

"దొరికింది."

"ఎలా దొరికింది? పోలీసుల ద్వారానా, మీరే వెతుక్కున్నారా, తీసినవాళ్ళే తెచ్చిచ్చారా?"

"ఊకలో దొరికిందమ్మా."

పిల్ల ట్యాబ్ పైకీ కిందికీ జరిపింది. ఊక అందులో లేదు. "ఇతరములు అని పెడతానండీ. అది పెడితే వివరంగా రాయమంటుంది. మొదటి నుంచి చెప్తారా, నేను టైప్ చేసుకుంటాను."

అప్పుడు చెప్పాను. ఆ కార్తీకం తర్వాత ఆ కథని మొదటి నుంచి చివరి దాకా ఒక వరసలో చెప్పడం అదే మొదటిసారి. ఎవరితో చెప్పుకుంటాం? చెప్పుకోకూడదు కదా. పిల్ల టైప్ చేస్తూ, మధ్యమధ్యలో "అంటే?" "ఎవరు?" అని అడుగుతోంది. ఊక అంటే దానికి తెలుసు గానీ, చుట్టాలు తట్టలు పట్టుకుని రావడం నమ్మలేకపోతోంది.

"అయితే ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఊక తెచ్చారాండీ?"

"అందరూ తెచ్చేరమ్మా. పెదమావయ్యగారు తలుపు దగ్గర కూర్చుని పేరుపేరునా పిలిచేరు. ఒక్క వంటావిడ తప్ప."

"ఆవిడెందుకు తేలేదు?"

"ఆవిణ్ణి అడగలేదమ్మా. పిలుపు మీద వచ్చిన ఇళ్ళకే ఊక చెప్తారు. ఆవిడ వంట పనికొచ్చిన మనిషి గదా. అయినా ఊక పోసిన సాయంత్రం ఆవిడ ఊళ్ళోనే లేదు. మామిడికుదురులో పెళ్ళి వంటకెళ్ళి మర్నాటి మధ్యాన్నానికి గానీ..."

అక్కడ ఆగిపోయాను.

ఓరి దేవుడా! నానుతాడు దొరికింది ఊకలో. ఊక పోసింది మా వాళ్ళు. పాకకి ఒకటే తలుపు, తలుపు దగ్గర పెదమావయ్యగారు. ఆ కుప్పలో పిడికెడు ఊకైనా పొయ్యని మనిషి మొత్తానికి ఆవిడొక్కతే. మేమందరం అనుమానించిన మనిషీ ఆవిడొక్కతే! చంటిపిల్లాడికైనా తట్టాల్సిన సంగతి ఇన్ని నెలలుగా ఇంతమందిలో ఒక్కరికి తట్టలేదు. తట్టడానికి ఎవరైనా నోరు విప్పి ఒకసారి చెప్పుకుంటే కదా.

"రాసేశానండీ అత్తయ్యగారూ," అంది పిల్ల. దానికేమీ తెలీలేదు. "తర్వాతది. ఈ సంఘటన వల్ల ఎవరికైనా నష్టం గానీ, మనస్తాపం గానీ, ఉపాధి పోవడం గానీ జరిగిందా?"

"జరిగింది! రాయి. వంటావిడకి జరిగింది. ఉన్న పనంతా పోయింది. దేశం వదిలి పోతోంది. పిల్లని వదిలి పోతోంది. అన్నీ రాయి!"

పిల్ల బెదిరిపోయింది. ట్యాబ్ చూసి, మెల్లిగా, "ఇది ఇంట్లో మనుషులకే అడుగుతుందండీ. ఇంట్లో ఉండేవాళ్ళకి నష్టం ఉంటేనే రాయాలి. లేకపోతే 'లేదు' అని పెట్టాలి," అంది.

"ఇంటి మనిషి కాదనే గదమ్మా ఈ గోలంతా!" అన్నాను. నా గొంతు పెద్దదైనట్టుంది, తోటలోంచి మా ఆయన తొంగి చూశారు. ఆ పిల్లని అని ఏం లాభం? దానికిచ్చిన ప్రశ్నలు అవి. "లేదు" అనే పెట్టుకుంది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, "సారీ అత్తయ్యగారూ," అంది. ఎందుకు సారీయో దానికీ సరిగ్గా తెలీదు. మంచి పిల్ల.

మా ఆయనతో చెబితే, నేననుకున్నట్టే, "నువ్వా మాట ఎత్తకు. ఎత్తితే ఏమన్నారో గుర్తులేదా?" అన్నారు. నేనే తీశాననుకుంటారా, అనుకోనివ్వండి, ఈ వయసులో నాకు మీ అక్కగారి నానుతాడు ఎందుకూ అని గట్టిగానే అరిచాను. ఆయన మళ్ళీ పేపరు తీశారు. నేను చెప్పులేసుకుని పెదమావయ్యగారింటికి బయల్దేరాను.

ఆయన పడక్కుర్చీలో ఉన్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"తలుపు దగ్గర కూర్చున్నది నేనే గదమ్మా," అన్నారు చివరికి.

"ఆయ్. మీరేనండి మావయ్యగారూ."

"ఆవిడ రాలేదు."

"రాలేదండి."

ఆయన కళ్ళు తెరిచి, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఇప్పుడిది పైకొస్తే, మన ఇళ్ళల్లోనే ఎవరో తీసేరని ఒప్పుకోవాలి."

"ఒప్పుకోవాలండి. ఆవిడ వెళ్ళిపోతోంది మావయ్యగారూ."

"మాట ఎత్తొద్దన్నది నేను. ఎత్తాల్సింది కూడా నేనే," అన్నారు. పెద్దాయన మీద అంతకు ముందు ఎంత కోపం ఉందో అంతా పోయింది.

ఆ వారంలోనే ఐనవిల్లి గుళ్ళో వదినగారి మనవడికి అన్నప్రాసన. కార్తీకానికి వచ్చినవాళ్ళంతా వచ్చారు. పూజయ్యాక, భోజనాలకి కూర్చోబోయే ముందు, పెదమావయ్యగారు కర్ర ఊతంతో లేచి నిలబడ్డారు.

"ఆ రోజు నేనే ఎత్తొద్దన్న మాట ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. వంటావిడని ఎవరూ ఊక అడగలేదు. ఆవిడ పొయ్యలేదు. కాబట్టి నానుతాడు తీసింది ఆవిడ కాదు. మనమే ఆవిడ నోటి దగ్గర కూడు లాగేసేం. ఇంక మీ ఇష్టం."

ఎవరూ ఎవరి మొహాల్లోకీ చూడలేదు. తర్వాత ఒకరు "ఆయ్" అన్నారు. ఇంకొకరు "నిజమేనండి" అన్నారు. "పాపం, అనవసరంగా బాధపెట్టేం," అన్నారు వెనక నుంచెవరో. వదినగారైతే, "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఆవిడ అలాంటిది కాదని," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మంచి పూట అని పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఇంతలో కేటరింగు కుర్రాడు వడ్డనకి పిలిచాడు. అందరూ లేచారు. విస్తళ్ళ ముందు పక్కపక్కనే కూర్చుని, ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కూరలో ఉప్పెక్కువైందని చెప్పుకుంటూ తిన్నారు. పోనీలే, పని అయిందిగా అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు పొద్దున్నే కాలవ గట్టున ఆవిడింటికి వెళ్ళాను. కూతురు కాలేజీకి వెళ్ళింది. ఆవిడ పెరట్లో పెద్ద గుండిగలు బోర్లించి, బూడిదతో తోముతోంది. తోమినవి గోనెపట్టాల్లో చుట్టి ఒక పక్కన పెట్టుకుంది.

"పెదమావయ్యగారు అందరి ముందూ చెప్పేరమ్మా, నీకే పాపం తెలీదని," అన్నాను ఆయాసపడుతూ.

"ఆయ్. నిన్న సాయంత్రమే ఎవరో ఫోన్ చేసి చెప్పేరండి. కూర్చోండక్కగారూ."

"ఇంకేం మరి! వైశాఖంలో పెళ్ళిళ్ళన్నీ నీవే. వదినగారు కూడా నిన్నే పిలుస్తామన్నారు. ఆ కువైటు మాట మానెయ్."

ఆవిడ చెయ్యి ఆపలేదు. "ఒకటి అడగనాండి? కోప్పడరు గదా?"

"అడుగు."

"నా ఒక్కదాని మీద అనుమానమొస్తే నన్ను పిలవడం మానేసేరు. ఇప్పుడు మీ ఇళ్ళల్లోనే ఎవరో తీసేరని తేలింది గదండి. మరి నిన్న ఐనవిల్లిలో ఏ ఇంటివాళ్ళనైనా పిలవడం మానేసేరాండి?"

ఎవర్నీ మానలేదు. అందరూ వచ్చారు, అందరూ తిన్నారు. "లేదు," అన్నాను.

"ఆయ్. అదేనండి," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. వీసా వచ్చేసిందనీ, రెండేళ్ళు చేసి వచ్చేస్తాననీ, ఆ తర్వాత అమలాపురంలో ఎక్కడైనా టిఫిను బండి పెట్టుకుంటాననీ చెప్పింది. ఊళ్ళో వంటలు ఇంక చెయ్యదట. నేను చాలా చెప్పాను. బతిమాలాను. ఆవిడ అన్నిటికీ ఆయ్ అంటూనే ఉంది, గుండిగలు చుడుతూనే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. "పోనీ, పిల్లని హాస్టల్లో పెట్టకు. మా ఇంట్లో ఉంచు. గది ఖాళీగా ఉంది. కోడలు తోడుంటుంది, కాలేజీ బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. నా కూతుర్లా చూసుకుంటాను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అప్పుడు ఆగింది ఆవిడ చెయ్యి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది.

"ఈ మాట మీరు తప్ప ఇంకెవరూ అనరండక్కగారూ. మీకు దణ్ణం పెడతాను. కానీ వద్దండి."

"ఏం? ఎందుకొద్దు?"

"మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి కనపడదండి. పెట్టిన చోటు మర్చిపోతారు, ఎవరింట్లోనైనా ఉండేదే. ఆ రోజు నేనిక్కడ ఉండను. అదొక్కతే ఉంటుంది."

నేనుంటాను కదా అందామని నోరు తెరిచాను. ఆవిణ్ణి వెలేసినన్నాళ్ళూ నేను ఉన్నాను. ఆ మాట వదిలేసి, పక్కనున్న గుండిగకి గోనెపట్టా చుట్టడం మొదలుపెట్టాను. ఆవిడ కూతుర్ని అమలాపురంలో హాస్టల్లోనే చేర్చింది.